పట్నంలో కులం లేదన్నోడెవడు?

ఊళ్ళో ఉన్న అన్నలకూ అక్కలకూ ముందుగా ఒక సంగతి చెప్పాలి. మీ పిల్లో పిల్లగాడో డిగ్రీకనో, గ్రూప్స్ కోచింగ్‌కనో, చిన్న కొలువుకనో హైదరాబాదు బస్సెక్కుతుంటే మీరు మనసులో అనుకునే మాట మాకు ఎరుకే. "పోనీ, అక్కడ పటేలు ఎదురొస్తే పక్కకు జరిగే పని లేదు. పట్నంల ఎవడేమోడో ఎవడికెరుక?" మమ్మల్ని బస్సెక్కించిన నాడు మా అయ్యలూ ఇదే అన్నారు. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళలో మేమే మొదటివాళ్ళం. అమ్మలు నాట్లేసి, అయ్యలు తోలుపని చేసి కట్టిన ఫీజులతో చదివి పంతుళ్ళమయ్యాం. అయ్యలు చెప్పిన మాట నిజమేనని చాలాకాలం నమ్మాం. సగం నిజం కూడా. సిటీ బస్సులో పక్క సీటువాడు కులం అడగడు. ఇరానీ హోటల్లో మనకు వేరే కప్పు పెట్టరు. సినిమాహాల్లో, బ్యాంకులో, రేషను షాపు లైన్లో ఎవడూ అడగడు.

చీకటి పడ్డాక తల దాచుకునే చోటు కావాలి చూడండి, అక్కడ అడుగుతాడు. అద్దె ఇల్లు కాడ అడుగుతాడు.

మాలో ఒక టీచరు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. బదిలీ మీద ఉప్పల్ వైపు వచ్చారు. మూడు ఆదివారాలు టు-లెట్ బోర్డుల వెంట తిరిగారు. రెండో ఆదివారం మేము కూడా వెంట పోయినం, అందుకే కళ్ళారా చూసి చెబుతున్నాం. ఒక ఇంటి ఓనరు రిటైరైన ఉద్యోగి. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. పెద్దమనిషి, మర్యాద తెలిసినవాడు.

"ఏం పని చేస్తరు?"

"సర్కారు బళ్ళో టీచర్‌నండీ."

"మంచిది, మంచిది. ఏ ఊరు?"

"నకిరేకల్ దగ్గర."

"ఇంటిపేరు?"

చెప్పాడు. తేలలేదు. ఇంటిపేర్లు చాలా వరకు ఊర్ల పేర్లే, అన్ని కులాలకూ ఉంటాయి, ఓనర్లకు ఇదొక పెద్ద బాధ. ఆయన ఇంకో దారి పట్టాడు.

"నాన్‌వెజ్ తింటరా?"

"తింటాం."

"తినుడంటే, చికెన్ మటన్ వరకేనా?"

ఆ 'వరకేనా' అన్న మాట చూడండి. ఊళ్ళో పటేలు ఒక బూతుమాటతో చేసే పనిని పట్నపు పెద్దమనిషి ఈ ఒక్క ముక్కతో చేస్తాడు. మా టీచరు తడబడ్డాడు, నవ్వాడు, అవునూ కాదూ అనలేదు. ఓనరు చివరి ప్రశ్న వేశాడు. "ఆదివారం చర్చికి పోతరా?" "మా అమ్మ పోతదండీ." సరే అని వెయ్యి రూపాయలు అడ్వాన్సు తీసుకుని మర్నాడు సామాను తెచ్చుకోమన్నాడు. రాత్రి తొమ్మిదింటికి ఫోను. అమెరికా నుంచి బావమరిది దిగుతున్నాడట, ఆ పోర్షన్ ఆయనకే కావాలట, ఏమీ అనుకోవద్దట, వెయ్యీ వెనక్కిస్తాడట. ఆ బావమరిది విమానం ఇంకా దిగలేదు. టు-లెట్ బోర్డు మాత్రం ఇంకో రెండు వారాలు ఆ గేటుకే వేలాడింది.

ఇలాంటి బావమరుదులు మాకు చాలామంది ఎదురయ్యారు. ఉన్నట్టుండి పెళ్ళి కుదిరిన కూతుళ్ళు, హఠాత్తుగా సున్నం వెయ్యాల్సిన గోడలు, "మా ఆవిడ ఒప్పుకోవట్లేదు సార్, నాకైతే ఏం లేదు" అనే మెత్తని మగవాళ్ళు. 'నాకైతే ఏం లేదు' అన్నవాడి ఇంట్లో మాకింతవరకు ఒక్క పోర్షన్ దొరకలేదు.

ఇక్కడ ఒక పక్క మాట. చర్చి ప్రశ్న మతం ప్రశ్న కాదు, కులం ప్రశ్నే. మాల మాదిగలు బాప్తిస్మం తీసుకున్నా కులం పోలేదన్న సంగతి నగరంలో ప్రతి ఓనరుకూ తెలుసు. ఢిల్లీ సర్కారుకు మాత్రం తెలియదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. అంటే రిజర్వేషన్ కాడ మన అంటరానితనం పోయిందంటారు, అద్దె ఇంటి కాడ ఉందంటారు. రెండు చోట్లా నష్టం మనకే.

దొరికిన ఇల్లు కూడా ఎట్లా దొరుకుతుందో చెప్పాలి. అబద్ధం చెబితే దొరుకుతుంది. మా టీచరు కుటుంబానికి మూడో ఆదివారం ఇల్లు దొరికింది. "మేము శాకాహారులమే" అన్నారు, కులం అడిగితే ఇంకేదో కులం చెప్పారు. ఏం చెప్పారో మేము రాయం, ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆ ఇంటికి ఒకసారి భోజనానికి పోయినం. ఆదివారం. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మే నెల ఎండ, లోపల ఉడికిపోతున్నాం. గ్యాస్ పొయ్యి మీద కూర ఉడుకుతోంది, పక్కన వాసన తెలియకుండా ఊదుబత్తులు నాలుగు వెలిగించి పెట్టారు. తిన్నాక బొక్కలు ఎక్కడ వేస్తారని అడిగినం. ఆ అమ్మ నవ్వింది. రెండు కవర్లలో మూటగట్టి స్కూలు బ్యాగులో పెట్టుకుని, సారు మర్నాడు బడికి పోతూ నాలుగు వీధుల అవతల కుండీలో వేస్తాడట. పదో తరగతికి సోషల్ చెప్పే పంతులు, ప్రాథమిక హక్కుల పాఠం చెప్పే పంతులు, బ్యాగులో దొంగసొత్తు మోసినట్టు బొక్కలు మోసుకుపోతున్నాడు.

అంతకన్నా మమ్మల్ని కోసింది ఇంకోటి. మేము మెట్లు దిగుతుంటే కింద ఓనరమ్మ వాళ్ళ ఆరేళ్ళ పాపను పలకరించింది. "ఏం తిన్నవ్ బుజ్జీ ఇయ్యాల?" పాప ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పప్పు, ఆంటీ." అమ్మ వైపు చూడను కూడా చూడలేదు. అంత బాగా నేర్చుకుంది. బళ్ళో మేము అబద్ధం ఆడరాదని చెప్పే వయసు అది. ఆ వయసుకే మన బిడ్డ తన ఇంటి కూర పేరు దాచాలని, తన అవ్వ వస్తే ఏ ఊరో చెప్పరాదని, తన గోడ మీద ఏ పటం పెట్టాలో కూడా ఓనరును చూసి నిర్ణయించాలని నేర్చేసింది. ఆ ఇంట్లో బాబాసాహెబ్ పటం బీరువా లోపల ఉంది, చీరల వెనక.

ఇది చూసి మనవాళ్ళలో కొందరు వీరులు మండిపడతారు. "అబద్ధం చెప్పి బతకడమేంటి, ఆత్మగౌరవం లేదా" అని. సంఘం మీటింగులో ఈ మాట ఇప్పటికి రెండుసార్లు విన్నాం. ఆ వీరులకు మేమొక సంగతి గుర్తుచేస్తాం. 1917లో అంబేద్కర్ అమెరికాలో, లండన్‌లో చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. హిందూ హోటల్లో చోటు లేదు. చివరకు ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించి దిగారు. అంతటి మనిషి. పదకొండో రోజు కర్రలు పట్టుకుని ఒక గుంపు వచ్చి, నువ్వెవడివి అని నిలదీసి, సాయంత్రానికి ఖాళీ చేయమంది. తెలిసిన హిందువు ఒకాయన, క్రైస్తవుడు ఒకాయన ఉన్నారు, ఇద్దరి దగ్గరా ఆశ్రయం దొరకలేదు. ఆ పూట పార్కులో కూర్చుని, రాత్రి బొంబాయి రైలెక్కారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు రాస్తూ కూడా ఆ రోజు గుర్తొస్తే కన్నీళ్ళాగవన్నారు. కాబట్టి తల దాచుకోను అబద్ధం చెప్పినవాణ్ని ఎవడూ వేలెత్తి చూపొద్దు. అబద్ధం చెప్పించేవాణ్ని చూపండి. వందేళ్ళు దాటినా మన పంతులు ఇంకా ఆ సత్రంలోనే దొంగపేరుతో కాపురం చేస్తున్నాడంటే సిగ్గుపడాల్సింది పంతులా?

"నగరంలో కులం ఎవరడుగుతారండీ, మీరే పట్టుకుని వేలాడుతున్నారు" అనే మేధావులు ఉన్నారు. వాళ్ళ కోసం ఇంకో అనుభవం. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కులసర్వే చేయించింది. ప్రైమరీ బళ్ళు ఒంటిపూట నడిపి పంతుళ్ళను ఇళ్ళ మీదికి పంపారు. మాలో చాలామందిమి ఆ ఫారాలు పట్టుకుని తిరిగినవాళ్ళమే. బస్తీల్లో కూర్చోబెట్టి చాయ్ పోసి అన్నీ చెప్పారు. కాలనీల్లో, పెద్ద అపార్ట్‌మెంట్లలో గేటు దాటనియ్యలేదు. "కులమా? ఈ కాలంలో కులం అడుగుతారా? మేము కులం నమ్మం" అని మొహం మీదే తలుపేశారు. కుక్కలను విప్పుతామన్నవాళ్ళు కూడా ఉన్నారు. నగరంలో ఇట్లా తప్పించుకున్నవాళ్ళ కోసమే 2025 ఫిబ్రవరిలో మళ్ళీ పదమూడు రోజులు గడువిచ్చారు. కులం నమ్మని ఆ ఇళ్ళ గేట్లకే టు-లెట్ బోర్డులు వేలాడుతుంటాయి. సర్కారు అడిగితే కులం లేదు. పోర్షన్ అడిగితే మీరేమోళ్ళు? లెక్క చెప్పాల్సి వచ్చినప్పుడు కులం ఉండదు, గడప తొక్కాల్సి వచ్చినప్పుడు ఉంటుంది. ఆ సర్వేలో రాష్ట్రంలో ఎస్సీలం 17.43 శాతమని తేలింది. ఆరుగురిలో ఒకరికన్నా ఎక్కువ. ఏ కాలనీలోనైనా ఆరిళ్ళు లెక్కపెట్టి, అందులో మన ఇల్లు ఏదో చూపించండి మాకు.

ఇక రెండో జవాబు, బాగా అరిగిన జవాబు. "మా ఇల్లు మా ఇష్టం." ఆ ఇంటికి పునాది తవ్విందెవరు? పాలమూరు లేబరు. ఇసుక మోసిందెవరు, స్లాబు పోసిందెవరు? ఇల్లు కడుతున్నన్నాళ్ళూ అక్కడే రేకుల కింద కాపురముండి, రాత్రి సిమెంటు బస్తాలకు కాపలా కాసిందెవరు? గృహప్రవేశం నాడు ఆవును తోలుకొచ్చి లోపల తిప్పుతారు, ఇల్లు కట్టిన మనుషులు గేటు బయట నిలబడి విస్తరాకు కోసం చూస్తారు. ఆ తర్వాత తెల్లారగట్ల చెత్త ఆటో మనదే, రోడ్లు ఊడ్చే చీపురు మనదే, మ్యాన్‌హోల్ నిండితే దిగేది మన పిల్లవాడే. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినా దిగుతూనే ఉన్నాడు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల పేర్లు చెప్పి మరీ మనిషిని మ్యాన్‌హోల్లోకి దింపొద్దని ఆదేశించాల్సి వచ్చింది. మన మనిషి ఇంటి కిందికి దిగొచ్చు, ఇంట్లోకి రావద్దు. ఇదా మీ ఇష్టం? కొన్ని అపార్ట్‌మెంట్లలో పనిమనుషులు ఈ లిఫ్టు వాడరాదని బోర్డు పెడతారు. ఊళ్ళో రెండు గ్లాసులు పెట్టినందుకు ధర్నా చేశాం కదా, లిఫ్టు మీద బోర్డుకు ఎందుకు చెయ్యలేదో మనల్ని మనమే అడగాలి.

కోర్టు కూడా ఓనరు పక్షమేనా? 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాదులోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సొసైటీ తన సభ్యత్వాన్ని తమ సమూహానికే పరిమితం చేసుకోవచ్చని తీర్పిచ్చింది. చిన్న మైనారిటీ తన ఉనికి కాపాడుకోవడం వేరు, మేము పార్సీల మీద పడడం లేదు. కానీ ఆ తలుపు తెరిచాక దాని వెంట ఎవరు దూరతారో చూడండి. సొసైటీ అని పేరు పెట్టి, గోడ కట్టి, గేటు పెట్టి, ఏ కులమైనా తన అగ్రహారం తాను కట్టుకోవచ్చు. పాత ఊరికి వెలివాడ బయట ఉండేది. కొత్త ఊరు తానే గోడలోపలికి పోయి మిగతా నగరమంతటినీ వెలేస్తోంది.

అట్లని చట్టం అసలు లేదనుకోకండి. ఉంది. చాలామంది ఎస్సైలకు తెలియదు, మన కార్యకర్తలు కూడా చదవలేదు, అందుకే వివరంగా రాస్తున్నాం. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టం, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మారింది. దాని 4వ సెక్షన్‌లో బావి, హోటలు, సత్రం మాత్రమే కాదు, ఏ ప్రాంతంలోనైనా నివాసపు ఇల్లు కట్టుకోవడం, సంపాదించుకోవడం, అందులో ఉండడం కూడా ఉన్నాయి. అంటరానితనం కారణంగా దానికి అడ్డుపడితే నేరం. అదే చట్టం 12వ సెక్షన్ ఇంకా ముఖ్యం. బాధితుడు ఎస్సీ అయితే, ఆ నేరం అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి, కాదని రుజువు చేసుకునే బరువు అవతలివాడి మీద ఉంటుంది. అంటే అమెరికా బావమరిదిని కోర్టులో హాజరుపరచాల్సింది ఓనరే. శిక్ష మాత్రం నవ్వొచ్చేంత చిన్నది. నెల నుంచి ఆరు నెలల జైలు, వంద నుంచి ఐదు వందల జరిమానా. ఐదు వందలు ఇవాళ ఒక పోర్షన్ కరెంటు బిల్లుకు రావు. 1989 అట్రాసిటీ చట్టం బలమైనదే గానీ, కులం పేరుతో దూషించిన కేసు నిలవాలంటే నలుగురి కంటబడే చోట జరగాలి. ఓనరు తిట్టడు, నవ్వుతూ ఫోను పెట్టేస్తాడు. 2021లో కేంద్రం మోడల్ టెనెన్సీ చట్టమని ఒకటి తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదని అందులో రాశారు. ఎప్పుడు ఖాళీ చేయించాలో రాశారు, రిపేర్లు ఎవరు చేయించాలో రాశారు, కులం పేరున మతం పేరున ఇల్లు లేదనకూడదని ఒక్క వాక్యం రాయడానికి చేతులు రాలేదు.

ముస్లిం సోదరుల సంగతి మనకన్నా అన్యాయం. మనమన్నా పేరు చెప్పి కొంత దూరం మాట్లాడొచ్చు, వాళ్ళకు పేరుతోనే ఫోను కట్. ఢిల్లీ చుట్టుపక్కల సుఖదేవ్ థోరట్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఫోన్లు చేయించి, మనుషులను పంపించి పరీక్షించారు. ఒకే ఇంటికి పై కులం పేరుతో, దళితుడి పేరుతో, ముస్లిం పేరుతో అడిగించారు. పై కులం పేరుకు తెరుచుకున్న తలుపులు దళితుడికి మూసుకున్నాయి, ముస్లింకు ఇంకా ఎక్కువ మూసుకున్నాయి. మన నగరంలో ఈ పని ఏ ప్రొఫెసరో వచ్చి చేసేదాకా ఆగాల్సిన పని లేదు.

1985 జులైలో కారంచేడులో నరికితే మనవాళ్ళు చీరాలకు పరుగెత్తారు. 1991 ఆగస్టులో చుండూరులో చంపితే తెనాలికి చేరారు. ఊరు చంపుతుంది, పట్నం కాపాడుతుందన్న నమ్మకం అట్లా మన రక్తంతో కట్టింది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఊరి బండారం బయటపెట్టింది కూడా అందుకే. మరి 2016 జనవరిలో ఏమైంది? హైదరాబాదులో సెంట్రల్ యూనివర్సిటీ. ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టలు గదుల నుంచి వెళ్ళగొట్టారు. పరుపులు, అంబేద్కర్ పటం మోసుకొచ్చి క్యాంపస్‌లోనే బయట గుడారం వేసుకున్నారు. దానికి వాళ్ళు పెట్టిన పేరు వెలివాడ. ఇంకే పేరూ సరిపోలేదు. చలిలో అక్కడే పడుకున్నారు. జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. ఆ కథలో ఎన్నో ఉన్నాయి, ఎన్నో రాశారు. మేము ఇక్కడ ఒక్కటే అంటున్నాం. పిహెచ్.డి. దాకా చదివినా పట్నంలో మన పిల్లవాడి దగ్గర్నుంచి ముందు గుంజుకున్నది పడుకునే గది.

చివరగా మనవాళ్ళతో రెండు కటువు మాటలు. రిజర్వేషన్ల మీద ఉద్యోగాలొచ్చి, లోన్లు పెట్టి ఇళ్ళు కట్టుకున్న మన పెద్దలు ఈ నగరంలో తక్కువేం లేరు. పై పోర్షన్ అద్దెకిచ్చేటప్పుడు వీళ్ళు ఏం చేస్తున్నారు? "మనోళ్ళకిస్తే అద్దె సరిగ్గా కట్టరు" అని పై కులపోణ్ని వెతుకుతున్నారు. పై కులపువాడు పైన ఉంటే వీధిలో తమకు ఇజ్జత్ అని ఆశ. ఆ పై కులపువాడేమో ఇంటి ఓనరు ఎవరో తెలిసిన నెలకే ఖాళీ చేస్తున్నాడు. ఇంకా ఘోరం, మాల ఓనరు మాదిగ పిల్లవాణ్ని అడుగుతున్నాడు మీరేమోళ్ళని. మాదిగ ఓనరు డక్కలి కుటుంబానికి గేటు తియ్యడు. మేము చూశాం. పేర్లు రాయగలం, రాయం. అంబేద్కర్ జయంతి నాడు వీళ్ళే పెద్ద చందాలు రాస్తారు. ఏప్రిల్ 14 చందా మాకొద్దు, జూన్‌లో ఒక పోర్షన్ ఇవ్వండి. ఊరి నుంచి కాలేజీకొచ్చే పిల్లలు దిగేది జూన్‌లోనే.

మేము మొదలుపెట్టిన పని ఇది. సంఘం ఆఫీసులో ఒక రిజిస్టరు తెరిచాం. ఇల్లు లేదనిపించుకున్న ప్రతివారూ తేదీ, వీధి, అడిగిన ప్రశ్నలు, చెప్పిన సాకు అందులో రాయాలి. ఫోన్లో మాట్లాడితే రికార్డు ఉంచాలి. ఒంటరిగా పోవద్దు, సాక్షిని తీసుకుపోవాలి. మనకు లేదన్న రెండు గంటలకు ఇంకో ఇంటిపేరు గల మిత్రుణ్ని అదే గేటుకు పంపాలి. మనకు నిండిపోయిన పోర్షన్ ఆయనకు ఖాళీగా దొరికితే, రెండు కాగితాలూ కలిపి 1955 చట్టం కింద ఫిర్యాదు రాసి స్టేషనుకు పోతాం. ఎస్సై తీసుకోకపోతే ఎస్పీకి, కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టు. కేసు నిలుస్తుందో లేదో తర్వాత, ముందు ఆ ప్రశ్న అడగడానికి ఓనరు నోరు తడబడాలి. బీసీ మిత్రులు, ముస్లిం మిత్రులు కొందరు అట్లా పోయిరావడానికి ఒప్పుకున్నారు. మన పెద్దలు ముగ్గురు తమ పై పోర్షన్లు ఊరి పిల్లల కోసం రాసిచ్చారు, వాళ్ళ కులం పిల్లలకే అని షరతు పెట్టకుండా. మీ ఊరి నుంచి ఈ ఏడు పట్నం వచ్చే పిల్లల పేర్లు, చేరబోయే కాలేజీ, ఆడపిల్లలైతే ఎందరు కలిసి ఉంటారో ఒక కార్డు ముక్క మీద రాసి మే నెలాఖరులోగా ఈ పత్రిక తెచ్చిన కార్యకర్త చేతికివ్వండి. వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మేము ఐదు జతలుగా ఉప్పల్ వైపు బయల్దేరుతున్నాం. మా టీచరు కూడా వస్తానన్నాడు. బీరువాలోంచి పటం తీసి గోడకు మేకు కొట్టినట్టు ఆయన భార్య మొన్న ఫోన్లో చెప్పింది. ఓనరమ్మ ఇంకా పైకి రాలేదట.